యాదయ్య షిఫ్టు, స్వరూప బావి

1996లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఆ ఏడు జిల్లా సైన్స్ ఎగ్జిబిషన్ కోసం బడి తెరవగానే తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రాజెక్టులు ఇచ్చాను. ప్రతి సోమవారం ప్రోగ్రెస్ రివ్యూ, అంటే పోయిన వారం ఏం చేశారో, పని ఎక్కడ ఆగిందో నా ముందు నిలబడి చెప్పాలి. కథలు చెప్పేవాళ్ళకు చుక్కలు చూపించేదాన్ని.

చిట్కుల్ నుంచి వచ్చే స్వరూప తమ పొలంలోని బావి నీటిమట్టాన్ని ఎంచుకుంది. ప్రతి శనివారం ముడులు వేసిన తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలేది. నీళ్ళు ఎంత లోతున తగిలాయో తరగతి గోడమీది గ్రాఫ్‌లో చుక్క పెట్టేది. ఒక్క వారం కూడా మానలేదు. చిక్కల్లా ఆ చుక్కలతోనే వచ్చింది. ఒక వారం నీళ్ళు పైకి, మరుసటి వారం కిందికి, మళ్ళీ పైకి. గీత రంపం పళ్ళలా తయారైంది.

ఎగ్జిబిషన్ దగ్గరపడ్డాక హెడ్మాస్టరు గారు అది చూసి పెదవి విరిచారు. "వానలు పోయినంక గూడ బాయి గిట్ల ఎక్కుతదా టీచర్? ఇంట్ల కూసోని రాసుకొచ్చింది. థర్మకోల్ అగ్నిపర్వతం పంపుదాం."

"నేను అబద్ధం రాయలే టీచర్. మా బాపునడుగుండ్రి," అంటూ స్వరూప ఏడ్చేసింది. ప్రాజెక్టు పోవడం ఒక ఎత్తు, దొంగలెక్కల పిల్ల అన్న పేరు మిగలడం ఇంకో ఎత్తు. నాకు ఒళ్ళు మండింది. పిల్లమీద నమ్మకం ఉంది కానీ, ఆ కొలత ఎలా తీస్తున్నారో నా కళ్ళతో చూడాలనుకున్నాను.

ఆ శనివారం బడి కాగానే చిట్కుల్ వెళ్ళాను. స్వరూప తాడు పట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది.

"ఒక్కదాన్ని బాయి కాడికి పంపం టీచర్," అంది వాళ్ళమ్మ. "వాళ్ళ బాపు డ్యూటీ దిగి రావాలె. జెర కూసోండ్రి, చాయ్ పెడ్త."

"మరి పోయిన వారం ఎప్పుడు కొలిచారు?"

"పోయిన వారం సెకండ్ షిఫ్ట్ గద! పొద్దుగాల్నే పోయొచ్చిన్రు."

నేను పకపకా నవ్వేసరికి ఆమె కంగారుపడింది. స్వరూప తండ్రి యాదయ్యకు ఫ్యాక్టరీలో వారం వారం షిఫ్ట్ మారుతుంది. ఫస్ట్ షిఫ్ట్ పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నం దిగేది, సెకండ్ షిఫ్ట్ మధ్యాహ్నం ఎక్కి రాత్రి దిగేది. ఫస్ట్ షిఫ్ట్ వారం సాయంత్రం కొలుస్తున్నారు, అప్పటికే పగలంతా నడిచిన మోటారు బావిని తోడేసి ఉంటుంది. సెకండ్ షిఫ్ట్ వారం పొద్దున్నే కొలుస్తున్నారు, రాత్రంతా నీళ్ళు ఊరి ఉంటాయి.

"అయితే తప్పు నాదేనా టీచర్?" అన్నాడు ఇంటికొచ్చిన యాదయ్య, సంగతి విని.

"ఎవరిదీ కాదు. మీ వీక్లీ ఆఫ్ రోజు రెండు పూటలా కొలవండి, చూద్దాం."

కొలిచారు. ఒకే రోజు పొద్దున పైన, సాయంత్రం కింద! హమ్మయ్య అనుకున్నాను. స్వరూప పొద్దుటి చుక్కలన్నీ ఒక గీతగా, సాయంత్రం చుక్కలన్నీ ఇంకో గీతగా కలిపింది. రెండూ వానాకాలంలో పైకెక్కి, తర్వాత మెల్లగా, ముద్దుగా దిగాయి. "గట్ల చెప్పుండ్రి మరి," అంటూ హెడ్మాస్టరు గారే ఆ చార్టుకు అట్ట వేయించారు.

సంగారెడ్డిలో జరిగిన ఎగ్జిబిషన్లో జడ్జి రెండు గీతలెందుకని అడిగారు. "ఇది మా బాపు సెకండ్ షిఫ్ట్ సార్, ఇది ఫస్ట్ షిఫ్ట్," అంది స్వరూప తడుముకోకుండా. డ్యూటీ దిగి నేరుగా వచ్చిన యాదయ్య, యూనిఫాంలోనే వెనక నిలబడి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత రివ్యూలో ఎవరి లెక్క తేడాగా కనిపించినా, ముందు వాళ్ళింట్లో ఎవరి డ్యూటీ ఎప్పుడో అడగడం నేర్చుకున్నాను.