బావగారి చమత్కారాల కట్ట

టైర్ల కొట్టు మీద రెండో అంతస్తులో ఉన్న ప్రచురణ సంస్థలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. వచ్చిన రాతప్రతులు చదివి ఏది అచ్చుకు పనికొస్తుందో తేల్చడం ఆమె ఉద్యోగం. పేరున్న కవులు సైతం ఆమె ముందు ఒదిగి కూర్చునేవారు. ఆమెను నిజంగా వేపుకు తిన్నవాడు మాత్రం సొంత అక్క మొగుడే.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక లోకంలో గొప్పవాళ్ళు అన్న చమత్కారాలన్నీ పోగేసి, ఇటుకంత కట్ట తెచ్చి మరదలి బల్ల మీద దబ్బున పడేశాడు.

"చదువమ్మా, మొహమాటపడకుండా చెప్పు" అన్నాడు. అని వెళ్ళిపోతే బాగుండేది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె పెదాల వంకే చూస్తూ, "మూడోది చూశావా? నవ్వొచ్చిందా?" అని మొదలుపెట్టాడు.

"మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే తుమ్ము కూడా రాదు బావగారూ!"

ఎలాగో ఆయన్ని సాగనంపి, కట్టను ఇంటికి మోసుకెళ్ళింది. పెళ్ళి మీద ఉన్నదంతా ఒకటే జోకు. ఒకచోట సేనాపతి అన్నాడట, ఇంకోచోట డాక్టరు, మరోచోట ఎవరో రాజు. అత్తల మీద ఓ అధ్యాయం, లావుపాటివాళ్ళ మీద ఓ అధ్యాయం. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. నవ్వు సంగతి దేవుడెరుగు, తలనొప్పి పట్టుకుంది. విసురుగా కాగితాలు తిప్పుతున్నదల్లా ఒకచోట ఆగి ఫక్కున నవ్వేసింది.

'రిటైరైన మగాడికి ఇంట్లో రెండే పనులు. ఫ్రిజ్ తలుపు తీయడం, అందులో ఏముందని పెళ్ళాన్ని అడగడం.' కింద 'ప్రాచీన గ్రీకు తత్వవేత్త' అని ఉంది.

గ్రీకువాడికి ఫ్రిజ్ ఎక్కడిది? అది అచ్చంగా అక్క మాట! మళ్ళీ మొదట్నుంచి వెతికింది. కట్ట మొత్తంలో నవ్వు తెప్పించినవన్నీ ఆ గ్రీకాయనవే.

మర్నాడే అక్క ఇంటికి వెళ్ళి నిలదీసింది. "ఇవి అక్క అన్నవి కావూ?"

బావగారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇంట్లో ఆడమనిషి అన్నదంటే ఎవరు కొంటారమ్మా? గ్రీకంటే ఓ బరువుంటుంది."

"బతుకంతా తప్పుడు తూకాలు పట్టుకున్న మనిషి అనాల్సిన మాటేనా ఇది?"

ఆరిన బట్టలు మడత పెడుతున్న అక్క తలెత్తలేదు. "పోనీలేవే. ఇన్నాళ్ళూ నా మాట ఈయన చెవిన పడడంలేదనుకున్నాను. రాసుకుంటున్నారన్నమాట." చొక్కా దులిపి, ఆయన వైపు తిరిగింది. "మరి అప్పుడు ఒక్కసారైనా నవ్వలేదేమండీ?"

ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

గ్రీకాయనవి మాత్రమే ఉంచి, వాటి కింద అక్క పేరు వేస్తేనే అచ్చుకు పనికొస్తుందని కత్తెరమ్మ తేల్చి చెప్పింది. బావగారు అలిగి కట్ట వెనక్కి తీసుకుని, ఇంకెక్కడో ఉన్నదున్నట్టు అచ్చేయించుకున్నాడు, వెనక అట్ట మీద తన ఫొటోతో సహా. "ఆ గ్రీకాయన భలే అన్నాడండీ" అని ఎవరైనా అంటే కత్తెరమ్మకు ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

అక్క మాత్రం ఆయన పెన్ను తీయగానే నోరు మూసేస్తుంది. అనాలనుకున్నవన్నీ దాచుకుని చెల్లెలికి ఫోన్ చేస్తుంది. ఇద్దరూ పగలబడి నవ్వుతుంటే పక్క గదిలోంచి, "ఏమన్నావే? ఏమన్నావు?" అని ఆయన కేక వినిపిస్తుంది.

"మీతో కాదండీ" అంటుంది అక్క.