అడిగింది బ్యాటరీ

ఆంజనేయప్రసాద్ గారి గురించి ఇక్కడ అరిజోనాలో, చాండ్లర్‌లోని మా కమ్యూనిటీలో ఎవరినడిగినా బంగారంలాంటి మనిషంటారు. నేను మాత్రం అనను. ఆయన సాయానికి బలైనవాళ్లలో నేనూ ఒకదాన్ని.

యాభై దాటిన మనిషి. కంప్యూటర్ చిప్‌లు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. పుట్టినరోజు పార్టీల్లో అందరూ పిల్లల చదువులూ ఇళ్ల ధరలూ మాట్లాడుకుంటుంటే, ఈయన బిర్యానీ ప్లేటు పట్టుకుని దగ్గరికొచ్చి, "మీ లాప్‌టాప్ ఛార్జింగ్ ఎన్ని గంటలొస్తోందండీ?" అని అడుగుతారు. రెండు గంటలన్నామా, ఇక దొరికిపోయినట్టే. తాళాల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్ చూపించి, "విండోస్ తీసేసి లినక్స్ వేద్దాం, కొత్తదైపోతుంది" అంటారు. డబ్బులు తీసుకోరు, కాఫీ కూడా అడగరు. ఊరికే చేసిపెట్టేవాణ్ణి ఎవరూ తిట్టలేరు కదా, అదే ఆయన ధైర్యం.

నా లాప్‌టాప్ జబ్బేమిటో నాకు బాగా తెలుసు. జూలైలో ఇండియన్ స్టోర్ ముందు దాన్ని కార్‌లో వదిలేసి వెళ్లాను. అరిజోనా ఎండకి బ్యాటరీ ఉబ్బింది. అప్పటినుంచీ పాప స్విమ్మింగ్ క్లాసు పూర్తవకముందే ఆరిపోయేది. ఆ క్లాసు బయట బెంచీ మీదే నా చదువంతా. నేను మెడికల్ కోడింగ్ పరీక్షకి చదువుతున్నాను, అంటే రోగాలకీ వైద్యాలకీ ఇన్సూరెన్సు వాళ్ల నంబర్లు వేసే పని. పెళ్లై ఈ దేశం వచ్చిన ఎనిమిదేళ్లకి నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. నెలాఖరులోగా సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగమిస్తామని ఒక బిల్లింగ్ ఆఫీసు వాళ్లన్నారు. మావారు అవినాష్ లాప్‌టాప్ ఆఫీసుది. అందులో బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ వేయనివ్వరు. కాబట్టి నాకున్నది ఇదొక్కటే.

"అన్నయ్యగారూ, కొత్త బ్యాటరీ తెప్పించాను. అది మార్చిపెట్టండి చాలు. ఇంకేమీ చేయకండి" అని మరీ మరీ చెప్పి ఇచ్చాను.

వారం దగ్గర పెట్టుకుని, సరిగ్గా పరీక్ష ముందురోజు సాయంత్రం తెచ్చిచ్చారు. కొత్త బ్యాటరీ డబ్బా విప్పనేలేదు, అలాగే పైన పెట్టి ఉంది. మూత తెరిస్తే అది నా లాప్‌టాప్‌లా లేదు.

"ఇదేంటండీ?"

"లినక్స్ వేశానమ్మా. లోపల విండోస్ కూర్చుని ఛార్జింగంతా తాగేస్తుంటే బ్యాటరీ మార్చి ఏం లాభం? అది రిటర్న్ చేసెయ్, రిఫండ్ వస్తుంది."

"రేపు ఎగ్జామ్ ఉందని చెప్పాను కదండీ!"

"ఉంటే ఏమైంది? బ్రౌజర్ ఉందిగా. ఈ రోజుల్లో అన్నీ బ్రౌజర్‌లోనే రన్ అవుతాయి. నీ నోట్స్ కూడా బ్యాకప్ తీసి పెట్టాను. టెన్షన్ పడకు."

ఆయన వెళ్లాక అవినాష్ కూడా, "అంత తెలిసినాయన ఊరికే చెప్తాడా?" అన్నాడు. నేనూ నమ్మేశాను.

ఆ పరీక్ష ఇంటినుంచే రాయాలి. ఎక్కడో కూర్చున్న మనిషి కెమెరాలోంచి మనల్ని చూస్తూ ఉంటాడు. గదిలోకి ఇంకొకరు వచ్చినా, మనం నోరు విప్పినా రద్దే. దానికోసం వాళ్ల సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. పొద్దున్నే వేయబోతే, ఈ సిస్టమ్‌లో నడవదని చెప్పేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనే ఉన్న ఆయన ఇంటికి పరిగెత్తాను. ఆయన ఆఫీస్‌కి వెళ్లిపోయారట. తలుపు తీసిన నాగమల్లేశ్వరి అక్క ముందే ఆవిడ మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆవిడ కోప్పడలేదు. నన్ను పడకగదిలోకి తీసుకెళ్లి, క్లోజెట్‌లో పట్టుచీరల కిందనుంచి ఒక లాప్‌టాప్ తీసింది.

"ఇందులో విండోసే ఉంది. మా దేదీప్య కాలేజీకి పోతా ఇచ్చిపోయింది, 'అమ్మా, నాన్నకి చూపించొద్దు' అని. ఇక్కడే కూర్చుని రాసెయ్. దీని ఛార్జర్ మాత్రం ఆయన బ్యాగులో ఉండిపోయింది, ఎవరి మెషీన్‌కో కావాలని తీసుకున్నారు. నేను ఫోన్ ఛార్జర్‌తోనే నెట్టుకొస్తున్నా."

సాఫ్ట్‌వేర్ ఎక్కింది. పరీక్ష మొదలైంది. ఫోన్ ఛార్జర్ పెట్టినా బ్యాటరీ దిగుతూనే ఉంది. ప్రశ్న చదవాలా, ఆ మూలనున్న అంకె చూడాలా తెలియక చచ్చాను. మూడొంతులు రాసేసరికి అది ఎర్రగా మారింది. అప్పుడే గరాజ్ తలుపు చప్పుడైంది. ఆయన లంచ్‌కి వచ్చారు.

"బెడ్‌రూమ్ తలుపేశావేంటి?" అన్న మాట బయటనుంచి వినిపించింది.

"రాగిణి ఎగ్జామ్ రాస్తా ఉంది. మెల్లగా మాట్లాడండి."

"ఇక్కడెందుకు? దేంట్లో రాస్తోంది?"

"దేదీప్య దాంట్లో. మీరు వేసింది పనికిరాలేదంట."

బ్యాగు జిప్పు లాగిన చప్పుడైంది. తర్వాత, "అయ్యో, దాని ఛార్జర్ నా దగ్గరుందే! మధ్యలో ఆగిపోద్ది పాపం. ఉండు, ఇచ్చేసి వస్తా" అన్నారు.

తలుపు పిడి తిరిగింది. రావద్దని అరవాలి, అరిస్తే పరీక్ష పోతుంది. ఆయన అడుగుపెట్టినా పోతుంది. ఎనిమిదేళ్లకి అందబోతున్న నా ఉద్యోగం ఆ మనిషి మంచితనం చేతిలో పడింది. కెమెరా ముందు పళ్లు బిగించి కూర్చుని, జన్మలో ఎవర్నీ అసహ్యించుకోనంతగా ఆయన్ని అసహ్యించుకున్నాను.

"చెయ్యి తియ్యండి" అంది నాగమల్లేశ్వరి అక్క. గొంతు పెద్దగా లేదు.

"అది కాదే, సాయం చేద్దామనే కదా..."

"తలుపు మీద చెయ్యి తియ్యండి. ఎవరన్నా లోపలికెళ్తే ఎగ్జామ్ క్యాన్సిల్ చేస్తారు. ఇన్నేళ్లూ మీరు బాగుచేస్తా ఉంటే నేను ఊరుకున్నా. మైక్రోవేవ్ తలుపు చేత్తో నొక్కి పట్టుకుని అన్నం వేడిచేసుకుంటున్నా. వాషింగ్ మెషీన్‌ని కాలితో తన్ని తిప్పుకుంటున్నా. ఇప్పుడు ఆ పిల్ల బతుకు కూడా బాగుచేస్తారా?"

పిడి మెల్లగా వెనక్కి తిరిగింది.

మిగిలిన ప్రశ్నలు సరిచూసుకునే తీరిక లేకుండా రాసేసి సబ్మిట్ కొట్టాను. పాస్ అని స్క్రీన్ మీద కనబడింది. రెండోసారి చదువుకునేలోపే లాప్‌టాప్ ఆరిపోయింది.

నేను బయటికొచ్చేసరికి ఆయన ఛార్జర్ ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉన్నారు.

"పాసయ్యావా? శభాష్! నోట్స్ బ్యాకప్ తీసిపెట్టడం మంచిదైంది, చూశావా?" అని నా వైపు చెయ్యి చాచారు. "ఇలా ఇవ్వమ్మా. ఛార్జింగ్ ఎందుకంత తొందరగా దిగిపోయిందో చూస్తాను."

నేను థాంక్స్ చెప్పలేదు, లాప్‌టాప్ ఇవ్వలేదు. నాగమల్లేశ్వరి అక్క వచ్చి ఆయన ఒళ్లోంచి ఛార్జర్, నా చేతిలోంచి లాప్‌టాప్ తీసుకుంది. పడకగదిలోకి వెళ్లి లోపలినుంచి గడియ పెట్టుకుంది. ఆయన లేచివెళ్లి రెండుసార్లు తలుపు కొట్టారు. ఆవిడ తీయలేదు.