జాకీకి జరగని అప్పగింతలు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా పక్కింట్లో ఒక తాతగారు ఉండేవారు. పటాలంలో కుక్కల్ని చూసుకునే పని చేసి వచ్చినాయన. చుట్టుపక్కల జీడితోటల వాళ్లు కాపలాకని కుక్కపిల్లల్ని తెచ్చి ఆయన దగ్గర వదిలి వెళ్లేవారు. ఆ రోజుల్లో తోటలో పడే దొంగలు ముందుగా చేసే పని, కుక్కకి మందు కలిపిన మాంసం విసరడం. అందుకే తాతగారు అన్నిటికన్నా గట్టిగా నేర్పే పాఠం ఒకటుండేది. గిన్నె మూతి దగ్గర పెట్టినా కుక్క కదలకూడదు. కుడిచేత్తో చెవి నిమిరి "కానీరా" అంటేనే తినాలి.

పాఠం పూర్తయ్యాక కుక్కని ఊరికే పంపేవారు కాదు. తోట యజమాని, ఆయన భార్య, పిల్లలు, పాలేరు అందరూ రావాలి. ఒక్కొక్కరే కూర్చుని చెవి నిమిరి, ఆ మాట అని, ముద్ద పెట్టాలి. కుక్క ఆ చేతిని వాసన చూసి తాతగారి వైపు తిరిగేది. ఆయన తలాడిస్తే తినేది. మా వీధి ఆడవాళ్లు దానికి అప్పగింతలని పేరు పెట్టారు. "ఏటి తాతా, పెల్లికూతురికి సారెట్టలేదేటి?" అని గోడ మీంచి ఆటపట్టించేవారు. ఒకసారి ఒక తోటాయన, తనొక్కడూ నేర్చుకుంటే చాలదా అని విసుక్కున్నాడు. "రేపు నీకు జొరమొస్తే ఇది పస్తుండాలేటి బాబూ? ఇంట్లో వోల్లందర్నీ బేగి పిలు" అన్నారు తాతగారు.

ఆయనకి సొంతంగా రెండు కుక్కలు. జాకీ పెద్ద అల్సేషన్. తాతగారు ఎటు అడుగు వేస్తే అటు దాని చెవి తిరిగేది. చుక్క వీధికుక్క. నుదుటి మీద తెల్లమచ్చతో, వాన కురుస్తున్న ఒక సాయంత్రం గేటు కింద నుంచి దూరి వచ్చి ఉండిపోయింది. దానికి ఏ పాఠమూ ఎక్కలేదు. ఎవరు పెట్టినా తినేది, పెట్టకపోతే దొంగిలించేది. జాకీ మాత్రం దాన్ని ఒక్కనాడూ కసరలేదు. రెండూ వీపుకి వీపు ఆనించి పడుకునేవి. జాకీ గిన్నె ముందు ఆజ్ఞ కోసం కూర్చుంటే, అంత తిండిపోతు చుక్క కూడా ఆ గిన్నె జోలికి వెళ్లకుండా పక్కనే ఎదురుచూసేది.

ఊరందరి కుక్కలకీ అప్పగింతలు చేసిన తాతగారు జాకీకి మాత్రం చేయలేదు. ఆయన తప్ప ఎవరూ దానికి తిండి పెట్టలేదు. తన చేత కూడా ఒకసారి పెట్టించమని ఆయన భార్య మామ్మగారు అడగడం నాకు గుర్తుంది. "నీ సేతి వంట నాకు తప్పదు, దానికెందుకే ఆ శిచ్చ?" అని ఆయన నవ్వారు. తరవాత కొంచెం మెల్లిగా, "నానెక్కడికెల్తాను, అప్పగించడానికి?" అన్నారు.

ఒక ఉదయం నూతి దగ్గర పళ్లు తోముకుంటూ ఆయన పడిపోయారు. ఆయన తమ్ముడు జీపులో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. జాకీ వీధి మలుపు దాకా పరుగెత్తి, తిరిగి వచ్చి గేటు దగ్గర కూర్చుంది.

ఆ రోజు నుంచి అది తిండి ముట్టలేదు. నీళ్లు తాగేది. అన్నం ముందు నోరూరి చొంగ కారుతున్నా కదిలేది కాదు. ఆకలి మండితే అదే తింటుందని అందరూ అన్నారు. పశువుల డాక్టరుగారు వచ్చి గొట్టంతో గంజి పోయబోతే పళ్లు బిగించింది. చివరికి మామ్మగారు చీర మీద తాతగారి ఖాకీ చొక్కా తొడుక్కుని, గొంతు బొంగురు చేసి "కానీరా" అన్నారు. గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. జాకీ ఒక్కసారి లేచి, తోక ఊపి, చొక్కా అంతా వాసన చూసింది. తరవాత ఆవిడ ముఖంలోకి చూసి, మళ్లీ కూర్చుంది. గోడ అవతల ఇంకెవరూ నవ్వలేదు.

తాతగారిని ఇంటికి తెచ్చిన రోజున వీధంతా వాళ్ల వాకిట్లోనే ఉంది. ఇక జాకీ గండం గడిచిందనుకున్నాం. ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టారు. మూతి ఒక పక్కకి లాగేసింది. కుడిచేయి వేలాడుతోంది. జాకీ ఏడుపులాంటి శబ్దం చేస్తూ ఆయన పాదాలు, మోకాళ్లు నాకింది. మామ్మగారు గిన్నె తెచ్చి పెట్టారు. జాకీ బుద్ధిగా కూర్చుని ఆయన నోటి వైపు చూసింది.

ఆ నోట్లోంచి "ఆ... ఆ..." అన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. మామ్మగారు ఆయన కుడిచేతిని ఎత్తి జాకీ చెవి మీద పెట్టారు. జాకీ కళ్లు మూసుకుని తలని ఆ చేతికి ఆనించింది. మాట కోసం ఆగింది. తాతగారి మెడనరాలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది. ఆ మాట రాలేదు. మామ్మగారే ఆ మాట అంటే ఆయన తలాడించారు, కానీ అప్పగింతలు ఎరగని జాకీకి ఆ తలాడింపు అర్థం కాలేదు. కొంతసేపటికి ఒక్కొక్కరే వాకిలి దాటి వెళ్లిపోయారు.

అప్పుడు చుక్క తన గిన్నె ఖాళీ చేసి, మూతి నిండా గంజి మెతుకులతో వచ్చి జాకీ ముందు నిలబడింది. జాకీ దాని మూతి నాకింది. చుక్క మూతిని కదల్చలేదు. మామ్మగారు చూశారు. ఆ రోజు నుంచి ఆవిడ చుక్క మూతికీ చెవులకీ చిక్కని గంజి పూసేవారు. చుక్క ఓపిగ్గా నిలబడేది, జాకీ నాకేది. అది మనిషి చేతి తిండి కాదు, దాని లెక్క ప్రకారం పాఠం తప్పలేదు. కానీ అంత పెద్ద ప్రాణానికి ఆ గంజి ఏపాటి? డొక్కలు లోపలికి పోయాయి. తాతగారు మంచం మీంచి ఇదంతా చూస్తూనే ఉండేవారు. ఒక మధ్యాహ్నం జాకీ ఆయన మంచంకోడుకి తల ఆనించి, అలాగే పోయింది.

తరవాత కూడా చుక్క గంజి తాగిన మూతిని నాకి శుభ్రం చేసుకోకుండా ఆ మంచంకోడు దగ్గరికి వెళ్లి నిలబడేది. మెతుకులు ఎండిపోయేదాకా నిలబడేది.

అలా నిలబడ్డ ఒక పూట తాతగారు ఎడమచేత్తో మామ్మగారిని పిలిచారు. చుక్క గిన్నె చూపించారు, ఆవిడ చేయి చూపించారు. ఆవిడకి అర్థమై ఒక ముద్ద పెట్టారు. తరవాత ఆయన వేలు గోడ మీంచి చూస్తున్న మా అమ్మ వైపు తిరిగింది. ఆ తరవాత నా వైపు. ఎవరు పెట్టినా తినే చుక్కకి ఆయన వరసగా మా అందరి చేతా ముద్దలు పెట్టించారు. నేను పెట్టినప్పుడు చుక్క ఆయన వైపు చూడనైనా లేదు. ఆయన మాత్రం తలాడించారు. కళ్లనీళ్లు వంకర మూతి మీదుగా కారుతుంటే, ఎడమచేత్తో తుడుచుకోలేదు. ఆ చలికాలం ఆయన దాటలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కుక్క ఉంది. పనమ్మాయి, పాలబ్బాయి, మేడమీద అద్దెకున్నవాళ్లు, అందరి చేతా దానికి తిండి పెట్టిస్తాను. "ఇదేం కుక్క మామ్మా, దొంగొచ్చి బిస్కెట్టిచ్చినా తోకూపుద్ది" అని మనవడు ఎగతాళి చేస్తాడు. నిజమే. ఎవరు గిన్నె పెట్టినా అది నా కోసం తలెత్తి చూడదు, వెంటనే మూతి పెట్టేస్తుంది. చూసిన ప్రతిసారీ నాకు కొంచెం మనసు చిన్నబోతుంది. అది తిని, గిన్నె నాకేదాకా అక్కడే నిలబడి చూసి, అప్పుడు లోపలికి వెళ్తాను.