గౌరమ్మ ముందు టేపురికార్డరు

నా చిన్నప్పుడు నన్ను ఊరికే కూచోనివ్వని సందేహం ఒకటుండేది. పాట ఎక్కడినుంచి వస్తుంది? క్యాసెట్టులోకి ఎక్కకముందు, ఎవరి నోటా పడకముందు అది ఎక్కడుంటుంది? అమ్మనడిగితే "పోయి లెక్కలు చేసుకో" అనేది. విశాఖపట్నంలో ఫ్యాక్టరీ పని చేసుకునే మావయ్య మాకో టేపురికార్డరు తెచ్చి ఇచ్చాడు కాబట్టి ఆయనకు తెలిసుంటుందని ఆయన్నీ అడిగాను. బ్యాటరీల్లోంచి వస్తుందని చెప్పి నవ్వాడు. నేను అది నమ్మి ఒక బ్యాటరీని చెవి దగ్గర పెట్టుకుని చూశాను కూడా. అంత పిచ్చి మాలోకాన్ని.

చోడవరంలో మా వీధివాళ్ళు ఏటా కార్తీకంలో మట్టితో గౌరమ్మను చేసి మా అరుగు మీద నిలిపేవారు. కొన్ని వారాలు పూజలు చేసి, ఆ తరవాత మేళతాళాలతో ఏటికి సాగనంపేవారు. ఆ సాగనంపడాన్ని మావైపు అనుపు అంటారు. ఆడపిల్లను పుట్టింటినుంచి అత్తారింటికి పంపినట్టే పసుపూ కుంకుమా, కొత్త చీరా, సారే అన్నీ ఉంటాయి, ఆడవాళ్ళ ఏడుపులతో సహా. ఆ రోజు పాడే పాటల్లో ఒక్కటైనా కొత్తది ఉండి తీరాలి. పాత పాటతో పంపితే పాత చీర కట్టి పంపినట్టేనని మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, ఖరాఖండిగా చెప్పేది.

ఆ కొత్త పాట కట్టేది పక్కింటి అక్క. సాయంత్రాలు అరుగు మీద నన్ను ముందు కూచోబెట్టుకుని జడ వేస్తూ తనలో తాను ఏదో పాడుకునేది. జడ పూర్తయ్యేసరికి పాటలో ఒక చరణం పూర్తయ్యేది. అలాంటి అక్కకు ఆ ఏడు వేసవిలో చీడికాడలో పెళ్ళయింది. కార్తీకం వచ్చేసరికి గౌరమ్మ ఉంది, పాట కట్టే మనిషి లేదు. పెద్దవాళ్ళు మొహమొహాలు చూసుకుంటూ ఉంటే, నేను కడతానని మధ్యలో దూరాను. అందరూ పకపకా నవ్వారు. మామ్మ మాత్రం నవ్వలేదు. "కడతాది. కట్టనీండి" అంది. అంతలో సరిగ్గా అనుపు రోజుకి అక్క కూడా వస్తుందని చీడికాడనుంచి కబురొచ్చింది. ఇక చూడండి నా అవస్థ! అక్క పాటకు బదులు నా పాట. అది బాగోలేకపోతే అక్క ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?

పై వీధివాళ్ళు అప్పటికే సినిమా బాణీల్లో దేవుడి పేర్లు పెట్టి మైకులో పాడడం మొదలుపెట్టారు. నేనూ ఆ దారే పట్టాను. టేపురికార్డరు ఒళ్ళో పెట్టుకుని, క్యాసెట్టును వెనక్కీ ముందుకీ తిప్పి తిప్పి వేళ్ళు నొప్పెట్టాయి. ఏ బాణీ తీసుకున్నా అందులో ముందే ఎవరో కాపురం ఉన్నట్టుండేది. నా మాటలకు చోటు దొరికేది కాదు.

చివరికి మామ్మ దగ్గరకు పోయి, అక్కకు పాటలు ఎలా వచ్చేవని అడిగాను. మామ్మ వత్తులు చేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా గౌరమ్మ వైపు చెయ్యి చూపి జవాబిచ్చింది. "ఆయమ్మే సెప్తాదే గుంటా. దగ్గిర కూకుంటే సెప్తాది."

ఓహో, చెబుతుందన్నమాట! చెబితే రికార్డవ్వాలి కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడు పొద్దున్నే ఖాళీ క్యాసెట్టు వేసి, టేపురికార్డరును గౌరమ్మ ముందు బంతిపూల చాటున పెట్టి, ఎర్ర మీట నొక్కేశాను. నేనక్కడ ఉంటే ఆవిడ మొహమాటపడుతుందేమోనని ఇంట్లోకి పరిగెత్తాను. క్యాసెట్టు ఆగే సమయానికి వచ్చి, చెవి ఆనించి విన్నాను. బుస్సుమని ఒకటే చప్పుడు. మధ్యలో ఎవరిదో దగ్గు, వీధిలో పోతున్న చెరుకు బండి ఎద్దుల గజ్జెలు, మళ్ళీ బుస్సు. సన్నగా చెప్పిందేమోనని సౌండు పూర్తిగా పెంచాను. ఆ మోతకు మామ్మ వచ్చేసింది.

తిడుతుందని బిగుసుకుపోయాను. మామ్మ తిట్టలేదు. సంగతంతా విని, క్యాసెట్టు మళ్ళీ పెట్టమని, పక్కన చతికిలబడి తనూ శ్రద్ధగా వింది.

"ఏటీ సెప్పనేదు" అంది చివరికి. "నువ్వేటి సెప్పేవు ఆయమ్మకి?"

"నేనేటీ సెప్పనేదు. మీట నొక్కేసి ఎల్లిపోయేను."

"మరదే! పలకరించకుండా ఎల్లిపోయినోల్లతో ఆయమ్మేటి మాటాడతాది? నువ్వయితే మాటాడతావేటి?"

టేపురికార్డరుకు గుడ్డ కప్పి మామ్మ అటక మీద పెట్టేసింది. ఆ రోజునుంచి సాయంత్రం పూజకు గౌరమ్మకు పూలజడ అల్లే పని నాకు అప్పజెప్పింది. మూడు బంతిపూల దండల్ని మూడు పాయలుగా పట్టుకుని అల్లాలి. అల్లినంతసేపూ ఆవిడతో మాట్లాడాలి. ఇదే షరతు.

మొదట్లో సిగ్గేసింది. మట్టిబొమ్మతో ఏం మాట్లాడతాం? స్కూల్లో తెలుగు మేష్టారు కునుకు తీసిన సంగతి చెప్పాను. మా తమ్ముడు నా జామకాయ తినేశాడని ఫిర్యాదు చేశాను. దీపం కదిలినప్పుడల్లా ఆవిడ మొహం మారుతున్నట్టుండేది. నిజంగా మారుతోందా, నాకే అలా అనిపిస్తోందా అని ఎంత పరీక్షగా చూసినా తేలలేదు. కాని ఏ రోజు కబురు ఆ రోజు ఆవిడకు చెప్పకపోతే ఏదో వెలితిగా ఉండడం మొదలైంది.

ఒక సాయంత్రం మూడో పాయ వేళ్ళలోకి తీసుకుంటూ ఉంటే, అక్క చెయ్యి నా జుట్టులో కదిలినట్టయింది. ఉన్నట్టుండి ఏడుపొచ్చేసింది. అక్క పెళ్ళినాడు కూడా అలా ఏడవలేదు. ఏడుస్తూనే గౌరమ్మను నిలదీశాను. నువ్వూ వెళ్ళిపోతావు కదా, అక్కడ నీకెవరున్నారని అడిగాను. అడిగిన మాటే రెండోసారి అనేసరికి లయగా ఊగింది. మూడోసారి రాగమైంది.

కైలాసంలో నీ జడెవురేస్తారే గౌరమ్మా
ఈది అరుగు మీద నా జడెవురేస్తారే గౌరమ్మా

గడప దగ్గర మామ్మ వత్తులు చేసుకుంటోంది. విన్నట్టు కూడా కనపడలేదు. వీధి ఆడవాళ్ళకు మాత్రం ఆ రాత్రే చెప్పేసిందట, పాట వచ్చిందని.

అనుపు రోజు ఏటి ఒడ్డున కొత్త నల్లపూసలతో అక్క వచ్చి ఆడవాళ్ళ మధ్య నిలబడింది. మాకు మైకు లేదు. మొదటిసారి పాడినప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారికి మామ్మ అందుకుంది, ఆ వెనక అందరూ అందుకున్నారు. అక్క ఒక్కతీ పాడలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గౌరమ్మను నీళ్ళలోకి దించారు. నేను ఇసకలో కూలబడి, పూలజడ ఒక్కటే పైకి తేలుతూ పోవడం చూస్తున్నాను.

వెనక ఎవరో కూచున్న అలికిడైంది. నా రిబ్బను ఊడింది. దువ్వెన లేకుండా, వేళ్ళతోనే చిక్కులు తీసి అక్క నా జడ వేసింది. సగం అల్లాక నెమ్మదిగా అడిగింది.

"ఈ పాట ఎక్కడిదే నీకు?"

"గౌరమ్మ సెప్పింది" అన్నాను. అది అబద్ధమని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

నా జుట్టు నెరిసింది. అనుపు పాట కట్టేది ఇప్పటికీ నేనే. ఫోనుని అడిగితే నిమిషంలో రాసి పెడుతుందని మా వీధి పిల్లలు నన్ను ఆట పట్టిస్తారు. అదెలా రాస్తుందో తెలుసుకోవాలని నాకూ కుతూహలమే, అడిగి రాయించుకుని చూశాను కూడా. కాని గౌరమ్మకు పాట కావలసి వచ్చినప్పుడు ఫోనుకు గుడ్డ కప్పి, బంతిపూలు ముందేసుకుని కూచుంటాను. పాట అడగను. ముందు నా కబుర్లు చెప్పుకుంటాను. మూడో పాయ దగ్గరకు వచ్చేసరికి, నా వెనక ఎవరో వచ్చి కూచుంటారు.