ఎదురుకాళ్ళ మనిషి, గోడ, బంతి

నేను ఎదురుకాళ్ళతో పుట్టానట. తల రావాల్సిన చోట కాళ్ళు ముందొచ్చాయి. అందులో నా గొప్పేమీ లేదు, కష్టమంతా మా అమ్మది. కానీ మా వైపు ఒక నమ్మకం ఉంది: నడుము పట్టేస్తే, అలా పుట్టినవాళ్ళ చేత మూడుసార్లు తన్నించుకుంటే వదులుతుందని. ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చేసి షాద్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే నాకు, ఆదివారం పొద్దున మా వాకిట్లో బోర్లా పడుకున్న ఆడవాళ్ళను ఎడమకాలితో తన్నడం రెండో ఉద్యోగం. నాకు నమ్మకం లేదు. ఆ మాట వాళ్ళకే చెప్పాను. "నువ్వు నమ్మకున్నా ఏం గాదు, నీ కాలుంటే సాలు" అన్నారు.

మొన్న వానాకాలంలో నాకే కుడి రెక్క పట్టేసింది. చెయ్యి భుజం దాటి లేవదు. ప్రిన్సిపాల్ మర్యాదగానే అన్నాడు: "బోర్డు మీద రాయలేకుంటే ఎట్ల మేడం? వచ్చే నెలకు తగ్గకుంటే క్లాసులు ఇంకొకరికి ఇయ్యాల్సొస్తది." యాభైకి దగ్గరపడిన దాన్ని, నాకు ఇంకో బోర్డు ఎవరిస్తారు?

దవాఖానలో ఫిజియోథెరపీ అమ్మాయి టెన్నిస్ బంతి కొనుక్కోమంది. గోడకూ వీపుకూ మధ్య పెట్టి అదుముకోవాలట. ఇంటికొచ్చి బంతిని వెన్నెముక మీద పెట్టుకుని, గోడకేసి మూడుసార్లు గట్టిగా గుద్దుకున్నాను. ఇరవయ్యేళ్ళ అలవాటు మరి! మర్నాడు జడ వేసుకోవడానికి కూడా చెయ్యి రాలేదు.

"బంతితోని తన్నించుకున్నరా మేడం?" ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. "ఎముక మీద పెట్టొద్దు. పక్కన కండ మీద పెట్టి మెల్లగ ఒరగండి. నొప్పి తగిలిన జాగాల ఆగి, ఊపిరి వదలండి. జర ఓపిక కావాలె."

ఓపిక! ఆ ఒక్కటీ మందుల షాపులో దొరకదు.

అయినా రోజూ ఒరిగాను. చెయ్యి ఎంత ఎత్తుకు పోతే అక్కడ గోడ మీద సుద్దముక్కతో ఒక గీత. రెండు వారాల గీతలన్నీ కలిపి బెత్తెడు లేవు.

ఆ ఆదివారం వెనకింటి అవ్వ వచ్చింది, నా కాలికి పాత గిరాకీ.

"గోడకు రాసుకుంటున్నవేందే, బర్రె లెక్క?"

"ఇయ్యాల కాలు లేదవ్వా. నువ్వు గూడ ఒరుగు, ఇగో బంతి."

"నా నొప్పి గోడకేం ఎరుక? జల్ది తన్ను, పోత."

"కాలు ఇసిరితే రెక్క గుంజుతాంది, నిన్నేం తన్నాలె?" కసిరాను.

అవ్వ వెళ్ళిపోలేదు. బంతిని చేతిలో తిప్పి చూస్తూ అడిగింది: "మమ్ములను నువ్వు తంతవు. మరి నిన్నెవరు తంతరు బిడ్డా?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డాను. అవ్వ బంతిని నా రెక్క పక్కన పెట్టి అరచేత్తో అదిమింది.

"గీడనా?"

"జర కిందికి."

"గీడ?"

"ఆ."

నాట్లు వేసి, కలుపు తీసి ముదిరిన చెయ్యి. తియ్యకుండా చాలాసేపు అలాగే ఉంచింది. లోపల ముడి మెల్లగా సడలింది.

సుద్దముక్క అందుకుని చెయ్యెత్తాను. పాత గీతలకు నాలుగు వేళ్ళ పైన కొత్త గీత పడింది. కాలేజీ బోర్డు పై అంచు ఎత్తుకు ఇంకా జానెడు తక్కువే. రేపు బోర్డు కింది సగంలోనే రాస్తాను. కనబడని వెనక బెంచీల వాళ్ళు లేచి నిలబడి రాసుకోనీ.

"మరి నా నడుము?" అంటూ అవ్వ బోర్లా పడుకుంది.

పక్కన కూర్చుని, బంతిని ఆమె నడుము పక్కన కండ మీద పెట్టి ఎడమచేత్తో అదిమాను.

"ఏమోనే," అని మూలిగింది అవ్వ, "తన్నుడే మంచిగుండె."