గుండు మిషనా, తిప్పుడు మిషనా

కదిరిలో నులక మంచాలు అల్లే ఎర్రిస్వామి షటిల్ బ్యాట్లకు తీగ అల్లే గట్టింగ్ పని కూడా చేసేవాడు. నేర్పినవాళ్లెవరూ లేరు. తీగ తెగిన బ్యాట్లు విప్పి చూసి నేర్చుకున్నాడు. తీగను చేత్తోనే లాగి, రంధ్రంలో సూది గుచ్చి ఆపేవాడు. పోటీలకు పోయేవాళ్లకు ఆ బిగువు చాలేది కాదు.

2001 ఎండాకాలంలో షటిల్ క్లబ్బు పెద్ద జయరాం బెంగళూరు నుంచి రెండు పాత గట్టింగ్ చేతి మిషన్లు తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ఒకటి పెట్టుకుందాం, ఇంకోటి వాపసు. నీకు రెండూ కుదరకపోతే మాత్రం బ్యాట్లు బెంగళూరికి పోతాయన్నా."

ఎర్రిస్వామి చేతిలోని నులక పక్కన పెట్టి మిషన్ల దగ్గరికి జరిగాడు. ఊళ్లో మంచాలు అల్లించేవాళ్లు అప్పటికే తగ్గిపోయారు.

మొదట తిప్పుడు మిషన్. పిడి తిప్పితే తీగ లాగుతుంది, పెట్టిన బిగువు రాగానే టక్కుమని ఆగిపోతుంది. పని చకచకా సాగింది. కానీ నులక సాగుతుందని, బిగించాక ఇంకో పట్టు లాగడం ఎర్రిస్వామి చేతికి అలవాటు. టక్కుమన్నాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. తీగ ఫట్టుమని తెగి జయరాం చెవి పక్కనుంచి పోయింది.

"అది బ్యాటు మామా, మంచం కాదు!" తన రెండు బ్యాట్లు తెచ్చిన క్లబ్బు పిల్ల హేమావతి పడీపడీ నవ్వింది. ఆదివారం అనంతపురంలో ఆమెకు పోటీ ఉంది.

"చేతులు కట్టుకోని చెయ్యన్నా," అన్నాడు జయరాం చెవి తడుముకుంటూ.

ఈసారి ఎర్రిస్వామి రెండో పట్టు లాగకుండా పళ్లు బిగబట్టి పూర్తి చేశాడు. తర్వాత గుండు మిషన్ మీద ఆమె రెండో బ్యాటు ఎక్కించాడు. కడ్డీకి గుండు వేలాడుతుంది, ఆ బరువే తీగను లాగుతుంది. కడ్డీ సమంగా నిలిస్తే బిగువు సరిపోయినట్టు. ఎర్రిస్వామి చూస్తుండగానే సమంగా నిలిచిన కడ్డీ మెల్లగా కిందికి వాలింది. తీగ సాగిందన్నమాట. కడ్డీ ఎత్తి మళ్లీ వదిలాడు. అతని ముఖం విప్పారింది.

"చూడప్పా, నేను లాగే రెండో పట్టు ఇదే లాగతాండాది!"

"ఏం నిదానమన్నా! ఒక బ్యాటుకే పొద్దు గూకతాది."

"గూకనీ. నీ చెవైనా మిగుల్తాది."

మర్నాడు హేమావతి రెండు బ్యాట్లతోనూ ఆడి నేరుగా మంచాల కొట్టుకే వచ్చింది. తిప్పుడు మిషన్ బ్యాటు తీగను వేలితో మీటింది. "ఇది అప్పుడే వదులైంది. ఆగినాక తీగ సాగినా ఆ మిషన్‌కు పట్టదు గదా." రెండోదాన్ని మీటితే ఖణేల్మంది. "ఆదివారం దీంతోనే ఆడతా."

అక్కడే ఉన్న జయరాం తిప్పుడు మిషన్‌ను గోనెసంచిలో కట్టి బెంగళూరు బస్సెక్కించడానికి భుజాన వేసుకున్నాడు.

ఎర్రిస్వామి హేమావతి చేతిలోంచి వదులైన బ్యాటు లాక్కున్నాడు. "ఇట్లియ్యి పాపా, ఇదీ గుండుకే ఎక్కిస్తా. జయరామూ, సంచి దించి కడ్డీ సమంగా ఉండాదేమో చూసిపో. చెవులు మూసుకోనక్కర్లేదులే!"