ఖాళీలో కరెంటు

మా ఊరు బండ్రిలో తెలుపంటే కొంచెం ఎరుపే. గనుల నుంచి ఇనుప ఖనిజం లారీలు పోయి పోయి, దండెం మీద ఆరేసిన పంచె, స్కూలు చొక్కా అన్నీ ఒకే రంగుకు వచ్చేవి. దాన్నే తెలుపనుకుని పెరిగాం. కాదని చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

మా అన్న ఆ లారీలే తోలేవాడు. నేను బళ్ళారిలో ఫిజిక్స్ ల్యాబులో చేరి, రెండు బంగారు మొనల మధ్య ఒకే ఒక్క అణువును నిలబెట్టి దాంట్లోంచి కరెంటు పంపే పనిలో పడ్డాక, కనపడినప్పుడల్లా ఆటపట్టించేవాడు.

"ఏమప్పా, కంటికి కనపడనిది ఆడ ఉండాదని నీకెట్ల తెలుస్తాది?"

"కరెంటు పారితే ఉండాది. పారకపోతే లేదు."

"అంతేనా? దీనికి ఇన్నేండ్లు సదువుకోవల్లనా!" అని దగ్గుతూ నవ్వేవాడు. ఆ దగ్గే చివరికి అన్నని తీసుకుపోయింది.

కర్మ అయ్యాక ఆయన బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశారు. భుజం మీది తువ్వాలు మాత్రం నేను ఉతక్కుండా తెచ్చుకుని ల్యాబులో నా కోటు పక్కన తగిలించుకున్నాను. వస్తూ పోతూ దాన్ని ముట్టుకుంటే ధైర్యంగా ఉండేది.

కొన్నాళ్ళకే మొదలైంది. అణువు వేయకుండా, మొనల మధ్య ఖాళీ ఉంచి కొలిచినా కరెంటు పారుతోంది. ఏమీ లేనిచోట ఏదో ఉంది. ఖాళీలోనే పారితే, అణువులో పారిందని మేం ఇన్నేళ్ళూ చెప్పిన మాట ఎవరు నమ్ముతారు? నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి థీసిస్ ఆగిపోయింది. నాకైతే భయమేసింది. ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి, తెర మీద కరెంటు గీత లేచినప్పుడల్లా వెనక నుంచి దగ్గు వినిపించేది. తిరిగి చూసేవాణ్ణి కూడా.

మొనలు మార్చాం, వైర్లు మార్చాం. చివరికి మైక్రోస్కోపులో బంగారం మీద ఇనుప ధూళి కనిపించింది. ఎక్కణ్ణించి వస్తోందో తెలీక గదంతా వెతుకుతుంటే, ఆ అమ్మాయి నా కోటు దగ్గర ఆగింది.

"సార్, ఈ కెంపు టవెల్ యారదు?"

ఎవరిదని కన్నడంలో అడిగింది. ఎర్ర తువ్వాలు ఏదని నేను చుట్టూ చూశాను. అక్కడున్నది తెల్లదే కదా!

ఇంటికి తెచ్చి నేనే ఉతికాను. ఎన్నిసార్లు జాడించినా నీళ్ళు ఎర్రగా పోతూనే ఉన్నాయి. చాలాసేపటికి అందరూ తెలుపనే తెలుపు బయటపడింది. దాన్ని ముఖానికి పెట్టుకుంటే సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అక్కడే బకెట్టు పక్కన కూర్చుని ఏడ్చాను.

ల్యాబంతా శుభ్రం చేసి మళ్ళీ కొలిచాం. తెర మీద గీత లేవలేదు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టినంత పనిచేసింది.

"ఏమీ లేదు సార్! ఖాళీ!"

ఇన్ని నెలలుగా ఆ మాట కోసమే కదా ఎదురుచూశాను.

"ఇంకొక్కసారి కొలిచి చూడమ్మా," అన్నాను.